ఫ్రిజ్ వెలుతురులో తిన్నది సైకాలజిస్టుకి చెప్పాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. ఎత్తు 161 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. సుగర్ ఉంది, నిద్రలో ఊపిరి ఆగుతోందని మాస్క్ కూడా రాశారు. అన్ని డైట్లూ అయ్యాక బరువు తగ్గించే స్లీవ్ ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. సర్జన్ గారు ముందు సైకాలజిస్టుని కలిసి రమ్మన్నారు, వచ్చే గురువారం అపాయింట్‌మెంట్. మా అత్తగారు "లావు తగ్గడానికి పిచ్చి డాక్టరేటే?" అంటున్నారు. రెండేళ్ల కిందట ఇదే ఆపరేషన్ చేయించుకున్న మా వదిన "ఏమడిగినా లేదు, లేదు అను, సంతకం పెట్టి పంపించేస్తారు" అంది. నా భయం వేరు. మా ఆయన ప్లాంటులో సి షిఫ్ట్‌కి వెళ్లిన రాత్రులు, పిల్లలు పడుకున్నాక, వంటింట్లో లైటు వెయ్యకుండా ఫ్రిజ్ తలుపు తీసి నిలబడే తింటాను, కడుపు నొప్పి వచ్చేదాకా. ఇది ఎవరికీ తెలియదు. రెండో కాన్పు తర్వాత డిప్రెషన్‌కి ఏడాది మందులు వాడి నేనే మానేశాను. ఒక్కోసారి ఎందుకీ బతుకు అనిపిస్తుంది, కానీ పిల్లలున్నారు కదా. ఇవన్నీ చెబితే ఆపరేషన్ ఆపేస్తారా? చెప్పకపోతే తప్పా?
– ఒక సోదరి, గాజువాక

సమాధానం:

చెప్పండమ్మా. అన్నీ చెప్పండి, ఫ్రిజ్ సంగతి ముందు చెప్పండి. ఎందుకన్నది మాట్లాడుకుందాం గానీ, అంతకంటే ముందు మీరు రాసీ రాయనట్టు రాసి దాటేసిన ఒక్క మాట దగ్గర ఆగాలి.

"ఎందుకీ బతుకు అనిపిస్తుంది, కానీ పిల్లలున్నారు కదా" అన్నారు. ఆ "కానీ" వెనకాల ఎంత ఉందో నాకు ఇక్కణ్ణుంచి కనబడదు. అందుకని సూటిగానే అడుగుతున్నా: అలా అనిపించినప్పుడు చచ్చిపోదామన్న ఆలోచన కూడా వస్తోందా? ఎలా అన్నదాకా వెళ్తోందా? వస్తుంటే గురువారం దాకా ఆగొద్దు. ఇవాళే మీ ఆయనకో, అక్కకో, ఎవరో ఒకరికి నోరు తెరిచి చెప్పి, 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత లైను, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మరీ నిలవలేకపోతే ఎవరినైనా తోడు తీసుకుని తిన్నగా కేజీహెచ్ (విశాఖలోని కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లిపోండి. "అబ్బే, అంత లేదు మేడమ్, విసుగొచ్చి అన్నాను" అంటారా, సంతోషం, కానీ ఆ మాట కూడా గురువారం చెప్పాలి. ఈ ఆపరేషన్ అయిన వాళ్లలో కొద్దిమందికి ఇలాంటి ఆలోచనలు తర్వాత పెరగడం పరిశోధనల్లో బయటపడింది, కాబట్టి ఎవరికి ఆ చరిత్ర ఉందో ముందే తెలిస్తే వాళ్లని ఆపరేషన్ తర్వాత కాస్త దగ్గరగా కనిపెట్టుకుని ఉంటారు. ఆ ప్రశ్న అడిగేది అందుకే.

ఇక మీ అసలు ప్రశ్న. నేను బల్లకి అవతలి వైపు కూర్చునే మనిషిని, కొన్నేళ్లుగా ఇదే పని, అందుకని ఆ వైపు నుంచి చెబుతాను. మొదట్లో నేను చేసింది కూడా మీ వదిన చెప్పిన లెక్కే. ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుని, తలెత్తకుండా టిక్కులు కొట్టుకుంటూ పోయేదాన్ని. బాధగా ఉంటుందా? లేదు. ఒంటరిగా తింటారా? లేదు. మందులు వాడారా? లేదు. ఒకావిడ ఇలాగే అన్నిటికీ లేదంది, నేను టిక్కులన్నీ కొట్టాను, ఇద్దరం నవ్వుకుంటూ లేచాం, అరగంటలో పని అయిపోయింది. పద్నాలుగు నెలల తర్వాత ఆవిడే మళ్లీ వచ్చింది. ముప్ఫై కిలోలు తగ్గి, అందులో ఎనిమిది మళ్లీ పెరిగింది. హ్యాండ్‌బ్యాగులోంచి సగం కరిగిన చాక్లెట్ల కవరు తీసి బల్ల మీద పెట్టి, "అప్పుడు నా మొహం చూసి అడిగుంటే చెప్పేదాన్నేమో మేడమ్" అంది. ఆ రోజు నుంచి కాగితం సొరుగులో పెట్టి, మనిషిని చూసి మాట్లాడుతున్నాను. చెప్పొచ్చేదేమిటంటే, ఆ గదిలో "లేదు, లేదు" అనడం చాలా సులువు, ఎవరూ మిమ్మల్ని పట్టుకోలేరు కూడా. మీ వదిన చెప్పింది అబద్ధమేం కాదు. సంతకం పెట్టి పంపించేస్తారు.

పంపించాక ఏమవుతుందో చూడండి. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు, సన్నటి గొట్టం లాంటిది మిగులుతుంది. గ్రెలిన్ అని ఆకలి పుట్టించే హార్మోను ఒకటుంది, అది ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనే, కాబట్టి మొదటి కొన్ని నెలలు చాలామందికి ఆకలన్నదే గుర్తుండదు. బరువు చకచకా తగ్గుతుంది, ఎక్కువ భాగం మొదటి ఏడాది, ఏడాదిన్నరలోనే. అందరూ మెచ్చుకుంటారు. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే, మీరు రాత్రి పదకొండున్నరకి ఫ్రిజ్ తలుపు తీసేది ఆకలేసా? రాత్రి ఎనిమిదింటికి అన్నం తిన్నారు కదా. ఆ ఫ్రిజ్ ముందు నిలబడే మనిషికి సర్జన్ కత్తి తగలదు. సి షిఫ్ట్ మళ్లీ వస్తుంది, ఇల్లు మళ్లీ నిశ్శబ్దమవుతుంది, చెయ్యి మళ్లీ అటే పోతుంది. గిన్నెడు పులిహోర అప్పుడు పట్టదు, నిజమే. కానీ ఐస్‌క్రీమ్ పడుతుంది, టీలో ముంచిన బిస్కెట్లు పడతాయి, చాక్లెట్ నోట్లోనే కరిగి జారిపోతుంది. ఒకేసారి పెద్ద మొత్తంలో తినలేని మనిషి రోజంతా చిటికెడు చిటికెడు తింటూ ఉండటం, నేను చూసిన వాటిలో బరువు మళ్లీ పెరగడానికి పెద్ద దారి ఇదే. అందులో ఇంకో బాధ, ఇంత ఖర్చు పెట్టి, ఇంత కోత పడి కూడా నేనింతేనా అన్న సిగ్గు. ఆ సిగ్గు మళ్లీ ఫ్రిజ్ దగ్గరికే తీసుకెళ్తుంది.

"ఆపేస్తారా?" అన్నారు. మీరు రాసినంత మటుకు చూస్తే, పూర్తిగా కుదరదు అనే అవకాశం చాలా తక్కువ. ఇది పాసూ ఫెయిలూ ఉన్న పరీక్ష కాదు. సాధారణంగా మూడు రకాల మాటలు వస్తాయి. వెళ్లండి అని, లేదా వెళ్లండి కానీ ఆపరేషన్‌కి ముందూ తర్వాతా ఇన్ని సార్లు కౌన్సెలింగ్‌కి రండి అని, లేదా కొన్ని వారాలో కొన్ని నెలలో ఆగి, ఫలానాది కాస్త దారిలోకి వచ్చాక వెళ్దాం అని. ఈ మూడోది ఎప్పుడంటే, డిప్రెషన్ ప్రస్తుతం తీవ్రంగా ఉండి వైద్యం లేకుండా ఉన్నప్పుడు, ఈ మధ్యే ప్రాణం తీసుకోబోయినప్పుడు, తాగుడో మత్తుమందుల అలవాటో అదుపులో లేనప్పుడు, లేకపోతే ఆపరేషన్ అంటే ఏమిటో తర్వాత జీవితాంతం ఏం చెయ్యాలో మనిషికి అర్థం కానప్పుడు. అదుపు తప్పి తినడం ఒక్కటే ఆపరేషన్‌కి అడ్డు కాదు. దానికి పేరుంది, వైద్యం ఉంది. తక్కువ సేపట్లో ఎక్కువ మొత్తం, ఆపుకోలేకపోతున్నా అన్న భావనతో, వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు తింటూ ఉంటే దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. మీకు అదే ఉందని నేను ఉత్తరం చదివి చెప్పను, చెప్పకూడదు. కానీ రహస్యంగా తినడం, కడుపు నొప్పి వచ్చేదాకా తినడం, తర్వాత సిగ్గుపడటం, ఈ మూడూ గురువారం మీరు ఇవే మాటల్లో చెబితే ఎదురుగా ఉన్నవాళ్లకి సగం పని అయిపోయినట్టే. బరువు లెక్కలోనా, మీరు ఎప్పుడో అర్హులు. మీ బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, 43 దాటింది. 2022లో సర్జన్ల సంఘాలు మార్చిన సూచనల ప్రకారం 35 దాటితేనే చాలు, వేరే జబ్బు ఉండక్కర్లేదు, మన ఆసియా వాళ్లకైతే ఇంకా తక్కువకే ఆలోచించొచ్చు. కాబట్టి ఆపరేషన్ ఎక్కడికీ పారిపోదు. మహా అయితే రెండు నెలలు వెనక్కి జరుగుతుంది.

గురువారం లోపు ఒక పని చెయ్యండి. పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసుకుని, ఏం తిన్నా టైము, ఏం తిన్నారు, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు, తినడానికి ఓ పది నిమిషాల ముందు ఏం జరిగింది, ఇంతే రాయండి. కేలరీలు వద్దు, తిట్టుకోవడాలు అసలే వద్దు. "రాత్రి 11.40, రెండు గరిటెల పులిహోర, పాప బర్త్‌డే కేకు ముక్క, జంతికలు. అందరూ పడుకున్నారు. తొమ్మిదింటికి అత్తగారు మా తోడికోడలి మాట ఎత్తారు." ఇలాగన్నమాట. మీరే ఉత్తరంలో సి షిఫ్ట్ రాత్రులు అని రాశారు చూడండి, అది చిన్న విషయం అనుకున్నారేమో, నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో తాళంచెవి అదే. మీ ఆయన ఇంట్లో ఉన్న రాత్రులు తినకపోతే, అది తిండికి సంబంధించింది ఎంతో, ఒంటరితనానికో భయానికో, లేకపోతే రోజంతా ఎవరో ఒకరి పని చేశాక దొరికిన ఆ ఒక్క గంట నాది అన్న పట్టుదలకో సంబంధించింది కూడా అంతే. ఏదన్నది మీ నోటుబుక్కే చెబుతుంది.

ఇంకోటి, మీరు రాయలేదు గానీ పందెం కాస్తాను, పొద్దున్న టిఫిన్ తినరు. పిల్లల బాక్సులు, వంట, స్కూలు ఆటో, ఇవన్నీ అయ్యేసరికి పదకొండు, అప్పుడు ఒక టీ, మూడింటికి మిగిలిందేదో ఒక ముద్ద, "నేనసలు తినను, అయినా లావవుతున్నా" అన్న మాట. పగలంతా కడుపు మాడ్చుకున్న శరీరం రాత్రి లెక్క సరిచేసుకుంటుంది, దానికి క్రమశిక్షణ లేకపోవడం అని పేరు పెట్టకండి. ఈ సమస్యకి వాడే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల వైద్యం) అనే చికిత్సలో మొదటి మెట్టు ఏమిటంటే, తగ్గించి తినడం కాదు, వేళకి తినడం. ఆకలేసినా వెయ్యకపోయినా మూడు పూటలా తినడం, మధ్యలో ఏదో ఒక చిన్నది. ఇవాళ్టి నుంచే మొదలుపెట్టొచ్చు, సుగర్ మందులు వాడుతున్నారు కాబట్టి వేళలు మారుస్తున్నట్టు మీ డాక్టర్‌కి ఒక మాట చెప్పి. ఆ మాస్క్ కూడా పెట్టుకోండమ్మా. నిద్ర చాలని మనిషికి మర్నాడు ఆకలీ ఎక్కువే, తీపి మీద మనసూ ఎక్కువే.

ఇంకో చిన్న సాధన చెబుతాను, నా దగ్గరికి వచ్చే వాళ్లందరిచేతా ఆపరేషన్‌కి ముందే చేయిస్తాను. ఒకే ఒక్క ఇడ్లీ చిన్న ప్లేటులో పెట్టుకుని, ఫోన్ పక్కన పడేసి, టీ స్పూనుతో, ప్రతి ముక్కా పూర్తిగా పిండి అయ్యేదాకా నమిలి, ఇరవై నిమిషాలు తినండి. మధ్యలో నీళ్లు తాగకూడదు, తిన్న అరగంట దాకా కూడా. వింటే నవ్వొస్తుంది. చేస్తే అయిదో నిమిషంలో ఏడుపొస్తుంది. ఒకావిడ ఎనిమిదో నిమిషంలో ప్లేటు తోసేసి, "మా అమ్మ పోయినప్పుడు కూడా వంట నేనే చేశాను" అంటూ మొదలుపెట్టి గంట సేపు మాట్లాడింది. ఇడ్లీకీ దానికీ ఏం సంబంధం అని అడక్కండి, గబగబా తినే మనిషిని నెమ్మదిగా తినమంటే అడుగున ఉన్నవి పైకి వస్తాయి. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు ద్రవాలే, తర్వాత మెత్తగా చేసినవి, ఆ తర్వాత మామూలు తిండి కూడా ఇలాగే తినాలి. అప్పుడు హఠాత్తుగా మొదలుపెట్టే కంటే ఇప్పుడే మీ మనసు అందులో ఏం చేస్తుందో చూసుకోవడం మంచిది.

మందుల సంగతి. కాన్పు తర్వాత వాడిన ఆ మాత్రల పేరు, ఎంత డోసు, ఎప్పుడు ఆపారు, పాత చీటీ ఉంటే వెతికి పట్టుకెళ్లండి. ఇప్పుడు మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు. అవసరమైతే సైకియాట్రిస్టు రాస్తారు, ఆపరేషన్ తర్వాత కొన్ని మందులు, ముఖ్యంగా నెమ్మదిగా కరిగే రకం, ఒంటికి పట్టే తీరు మారొచ్చు కాబట్టి ఏ రకం ఇవ్వాలో వాళ్లు చూసుకుంటారు. కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చిన వాళ్లకి తర్వాతెప్పుడైనా మళ్లీ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువే, ఈ ఒక్క కారణానికైనా ఆ సంగతి దాచకూడదు. మద్యం గురించి కూడా అడుగుతారు, కోపం తెచ్చుకోకండి, ఈ ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగు దారి మళ్లించే) రకంలో, మద్యం త్వరగా, గట్టిగా ఎక్కుతుంది, తిండి చేసే పని తాగుడు చెయ్యడం మొదలుపెట్టిన వాళ్లూ ఉన్నారు. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర ఆగమంటారు, అది సర్జన్‌తో మాట్లాడుకోండి.

అత్తగారి మాటకి వద్దాం. "పిచ్చి డాక్టరేటే" అన్నదానికి వాదన పెట్టుకోకండి, "గుండె డాక్టర్ దగ్గరికి పంపినట్టే ఇక్కడికీ పంపారత్తయ్యా, అది లేకపోతే ఆపరేషన్ చెయ్యరట" అనండి, అయిపోతుంది. పెద్దవాళ్లకి హాస్పిటల్ రూలంటే గౌరవం, మనసంటే భయం. ఆ గదిలో మీరు చెప్పింది ఆవిడకి చేరుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి. సర్జన్‌కి మాత్రం రిపోర్టు వెళ్తుంది, అందులో ఏం రాస్తున్నారో నాకు చదివి వినిపించండి అని అడగండి, అడిగే హక్కు మీకుంది. ప్రాణానికి ప్రమాదం అనిపించినప్పుడు మాత్రం ఇంట్లో ఒకరికి చెప్పక తప్పదు, అదీ మీకు చెప్పే చేస్తారు.

ఆవిడ కంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టేది రేపు ఊరు అనబోయే మాటలు. మొహంలో కండ దిగిపోయి, మెడ దగ్గర చర్మం వదులై, మూడో నెలో నాలుగో నెలో జుట్టు కూడా ఊడుతుంటే (ఇది చాలావరకు తాత్కాలికం, ప్రోటీను, విటమిన్లు సరిగ్గా తీసుకుంటే మళ్లీ వస్తుంది), ఇరవై ఏళ్లుగా "లావయిపోయావేంటే" అన్న నోళ్లే "ఏటమ్మా అలా పీక్కుపోయావు, ఏదైనా జబ్బా?" అంటాయి. నవ్వుకోకండి, ఈ ఒక్క మాటకి కుంగిపోయి మళ్లీ తినడం మొదలుపెట్టిన వాళ్లని చూశాను. పెళ్లిలో ఎవరో ఒకరు ఆకులో నాలుగు గారెలు వేసి "ఒక్కటి తింటే ఏమవుద్ది" అంటారు. ఏమవుద్దో మీకు తెలుసు, బాత్రూంలోకి పరిగెత్తాలి. అప్పుడేమనాలో ఇప్పుడే అద్దం ముందు అనుకుని చూసుకోండి. "గేస్ట్రిక్, డాక్టర్ వద్దన్నారు" అన్న అబద్ధం ఒకటి నేను అందరికీ ధారాళంగా పంచిపెడతాను. డాక్టర్‌కి నిజం, పెళ్లివారికి అబద్ధం, ఈ రెండూ తారుమారు చేసుకోనంత వరకూ పరవాలేదు.

మీ ఆయనకి ఫ్రిజ్ సంగతి చెప్పాలా అంటే, నా మనసులో మాట, చెప్పాలి. ఇవాళే అననుగానీ, ఆపరేషన్ ముందు. రెండో మూడో సిట్టింగ్‌కి ఆయన్ని తీసుకురమ్మని సైకాలజిస్టే అడగొచ్చు, అడక్కపోతే మీరే అడగండి. ఒక్కరే చెప్పడం కంటే మూడో మనిషి ఎదుట చెప్పడం తేలిక. ఆయన తెలుసుకున్నాక చెయ్యాల్సింది కాపలా కాదు, ఫ్రిజ్‌కి తాళం వేసే మొగుళ్లని చూశాను, అది పనిచెయ్యదు. బ్రేక్ టైములో పదకొండింటికి ఒక అయిదు నిమిషాలు ఫోన్ చేసి "పడుకున్నావా" అనడం, అంతే. ఇంత చిన్నదా అనిపిస్తుంది. చేసి చూడమనండి.

వెళ్లే చోటు గురించి ఒక్క మాట. మీరు కలిసేది క్లినికల్ సైకాలజిస్టేనా, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. కనీసం ముప్పావుగంట కేటాయించాలి. పది నిమిషాల్లో సంతకం చేతిలో పెడితే మీరే "ఇంకో సిట్టింగ్ కావాలి" అనండి. నేనూ ఒకప్పుడు అలాంటి సంతకాలు పెట్టినదాన్నే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. డబ్బుకి ఇబ్బందయితే మానసిక వైద్యానికి కేజీహెచ్ ఉంది, వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆ గేటు చూసి జనం ఏమనుకుంటారో అన్న బెరుకు చాలామందిని వెనక్కి లాగుతుంది గానీ, లోపల బెంచీల మీద ఉండేది మీలాంటి వాళ్లూ మా ఇంటి లాంటి వాళ్లే. ఆపరేషన్ అయ్యాక కూడా నెలకో రెండు నెలలకో ఒకసారి, కనీసం రెండేళ్లు, వెళ్తూ ఉండేలా ఇప్పుడే మాట్లాడుకోండి. బరువు తగ్గుతున్న మొదటి ఏడాది ఎవరికీ రావాలనిపించదు, అంతా బాగుంది కదా అంటారు, కాటా ముల్లు కదలడం మానేశాకే అసలు కౌన్సెలింగ్ అవసరం మొదలవుతుంది.

గురువారం లోపలికి వెళ్లాక మాట పెగలకపోతే ఏం చెయ్యాలని అడుగుతారేమో. పెగలదు, చాలామందికి పెగలదు. నోటుబుక్కు తెరిచి బల్ల మీద వాళ్ల వైపు తిప్పి పెట్టండి, చదువుకుంటారు. బుధవారం రాత్రి తిన్నది కూడా అందులో ఉండాలి సుమా.